పాత డైవ్ కంప్యూటర్‌లోని డైవ్‌లను కొత్త ల్యాప్‌టాప్‌లోకి దించుకోవడం: ముందు మెమరీ నకలు, తరువాతే మిగతావి

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. 2004లో కొన్న సూంటో కంపెనీ వైపర్ డైవ్ కంప్యూటర్ (నీటి అడుగున డైవ్ చేసేవారు వెంట ఉంచుకునే, లోతును, సమయాన్ని నమోదు చేసే చిన్న పరికరం), దానికి చెందిన తొమ్మిది పిన్నుల సీరియల్ కేబుల్ మీ దగ్గర ఉన్నాయి. అప్పట్లో వాడిన డెస్క్‌టాప్ చెడిపోయింది, దాని హార్డ్ డిస్క్ మాత్రం దాచి ఉంచారు. ఇప్పటి విండోస్ 11 ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ-సీ పోర్టులు తప్ప వేరేవి లేవు. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే కన్వర్టర్ ఒకటి చౌకగా దొరికితే కొని తగిలించారు. పోర్టు కనిపిస్తోంది గానీ పరికరం నుంచి సమాధానం రావడం లేదు. లోపలి డైవ్‌లు చెరిగిపోయాయేమోనని మీ బెంగ.

చెరిగిపోయి ఉండవు. పరికరంలోని లాగ్‌బుక్‌ను తెరిచినప్పుడు పాత డైవ్‌లు కనిపిస్తున్నాయంటే మెమరీ భద్రంగా ఉన్నట్టే. ఇలాంటి పాత పరికరాలను కొత్త కంప్యూటర్లకు కలిపే పని చాలా ఏళ్ళుగా చేస్తున్నాను. సమాధానం రాని సందర్భాల్లో తప్పు చాలావరకు మధ్యనున్న కన్వర్టర్‌లోనో, పరికరం కాంటాక్టుల మీద పేరుకున్న ఉప్పులోనో బయటపడింది తప్ప, మెమరీలో బయటపడటం చాలా అరుదు. అయితే ఏ పని ముందు, ఏ పని తరువాత అన్నది మాత్రం ముఖ్యం. పరికరంలోని మెమరీని ఉన్నది ఉన్నట్టుగా, బైట్ల రూపంలోనే ఒక ఫైలుగా నకలు తీసి పెట్టుకోవడం మొదటి పని. ఆ బైట్లను డైవ్‌లుగా, లోతులుగా, గ్రాఫ్‌లుగా చదువుకోవడం ఈ రోజే జరగాలనేమీ లేదు. నకలు చేతిలో ఉంటే చదివే ప్రోగ్రాం తప్పు చేసినా నష్టం లేదు, వచ్చే ఏడాది సరిదిద్దిన ప్రోగ్రాంతో మళ్ళీ చదవవచ్చు.

నకలు తీసేదాకా ఆ పరికరంతో నీళ్ళలోకి దిగకండి. వైపర్ మెమరీ గుండ్రంగా తిరిగే జాబితా వంటిది, నిండిన తరువాత కొత్త డైవ్ వచ్చి అన్నిటికంటే పాత డైవ్ ఉన్న చోటును ఆక్రమిస్తుంది. బ్యాటరీ విషయంలో కొంచెం ఆలోచించాలి. తెర మీద బ్యాటరీ గుర్తు హెచ్చరిక చూపుతూ ఉంటే ముందు బ్యాటరీ మార్చడమే మంచిది, ఎందుకంటే నీరసించిన బ్యాటరీతో బదిలీ మధ్యలో ఆగిపోతుంది. బ్యాటరీ మార్చినప్పుడు వైపర్‌లో డైవ్ లాగ్, వ్యక్తిగత సెట్టింగులు అలాగే ఉంటాయి, గడియారం సమయం మాత్రం పోతుంది. కాబట్టి మార్చిన వెంటనే తేదీ, సమయం సరిచేసుకోండి. హెచ్చరిక లేకపోతే బ్యాటరీని ముట్టుకోకుండా నకలు పని ముగించుకోండి.

ఇక కేబుల్ సంగతి. చాలామంది దాన్ని ఒక కొస నుంచి మరో కొసకు సంకేతాలను చేరవేసే తీగ అనుకుంటారు. నిజానికి ఆ కేబుల్‌లో చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటుంది, దానికి సొంత బ్యాటరీ ఉండదు. సీరియల్ పోర్టులో డీటీఆర్ అనే తీగ ఉంటుంది, అంటే కంప్యూటర్ ‘నేను సిద్ధం’ అని చెప్పడానికి వాడే సంకేతపు తీగ. సూంటో కేబుల్ సర్క్యూట్‌కు కరెంటు ఆ తీగ నుంచే వస్తుంది. ప్రోగ్రాం పోర్టును తెరిచి డీటీఆర్‌ను పైకి ఎత్తి, వోల్టేజీ నిలదొక్కుకోవడానికి కాసేపు ఆగి, ఆ తరువాతే మాట్లాడటం మొదలుపెడుతుంది. రెండో విశేషం ఏమిటంటే, వైపర్‌తో సంభాషణ ఒకసారికి ఒకవైపే నడుస్తుంది. కంప్యూటర్ ఆదేశం పంపేటప్పుడు ఆర్‌టీఎస్ అనే మరో తీగను ఒక స్థితిలో ఉంచాలి, జవాబు వినేటప్పుడు దాన్ని రెండో స్థితికి మార్చాలి. చౌక కన్వర్టర్లలో కొన్నిటికి డేటా పంపే తీగ, అందుకునే తీగ, గ్రౌండ్ తప్ప ఇంకేవీ కలిపి ఉండవు. మరికొన్నిటిలో ఈ తీగలు ఉన్నా వాటి మీద వోల్టేజీ చాలదు. జీపీఎస్ పరికరానికో, తూకం యంత్రానికో ఆ కన్వర్టర్ చక్కగా పనిచేస్తుంది, వైపర్ మాత్రం మౌనంగా ఉంటుంది. మీకు పోర్టు కనిపించి జవాబు రాకపోవడానికి ఇదే కారణమని నా అంచనా.

అంచనాతో సరిపెట్టుకోకుండా పరీక్షించి చూడవచ్చు. కన్వర్టర్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలించి, సూంటో కేబుల్‌ను విప్పేసి, తొమ్మిది పిన్నుల కొసలో 2వ, 3వ పిన్నులను వంచిన జెమ్ క్లిప్పుతో కలపండి. పుట్టీ వంటి టెర్మినల్ ప్రోగ్రాంలో ఆ పోర్టును తెరిచి, ఫ్లో కంట్రోల్ ఏదీ లేకుండా పెట్టి, ఏదైనా అక్షరం నొక్కండి. నొక్కిన అక్షరం తిరిగి తెర మీద కనిపిస్తే పంపే తీగ, అందుకునే తీగ, డ్రైవర్ మూడూ బాగున్నట్టు. క్లిప్పు తీయగానే అక్షరాలు రావడం ఆగిపోవాలి. ఇక్కడితో ఆగకండి, ఎందుకంటే డీటీఆర్ సంగతి ఈ పరీక్షలో తేలదు. మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి, నలుపు మొనను 5వ పిన్నుకు, ఎరుపు మొనను 4వ పిన్నుకు ఆనించండి. 5వది గ్రౌండ్, 4వది డీటీఆర్. పోర్టు మూసి ఉన్నప్పుడు మీటర్ రుణ వోల్టేజీ చూపుతుంది, టెర్మినల్‌లో పోర్టు తెరవగానే అది ధన వోల్టేజీకి మారాలి. ఆర్‌ఎస్-232 ప్రమాణం ప్రకారం పంపేవైపు వోల్టేజీ కనీసం 5 ఉండాలి. పోర్టు తెరిచినా ముల్లు కదలకపోతే, లేదా రెండు మూడు వోల్టుల దగ్గరే నిలిచిపోతే ఆ కన్వర్టర్ ఈ పనికి పనికిరాదు. ఈ కొలత తీయడానికి రెండు నిమిషాలు చాలు. ఈ సంగతి తెలియని రోజుల్లో నేను ఇలాంటి కన్వర్టర్‌తోనే మూడు సాయంత్రాలు డ్రైవర్లు మార్చుకుంటూ గడిపాను.

కొత్తది కొనేటప్పుడు లోపల ఏ చిప్ ఉందో చూసి కొనండి. ఎఫ్‌టీడీఐ వారి ఎఫ్‌టీ-232 చిప్ ఉండి, తొమ్మిది పిన్నుల్లోని సంకేతపు తీగలన్నీ కలిపి ఉన్న కన్వర్టర్‌ను నేను మొదట సూచిస్తాను. ప్రొలిఫిక్ వారి పీఎల్-2303 చిప్‌ల విషయంలో మరో చిక్కు ఉంది. ఆ శ్రేణిలోని పాత చిప్‌లను, వాటి నకిలీలను ఇప్పటి విండోస్ డ్రైవర్ అంగీకరించదు, డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం కనిపిస్తుంది. నకిలీల బెడద ఎఫ్‌టీడీఐకీ ఉంది. 2014లో ఆ కంపెనీ విండోస్ డ్రైవర్ నకిలీ చిప్‌ల గుర్తింపు సంఖ్యను సున్నాగా మార్చివేయడంతో ఎంతోమంది కేబుళ్ళు ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. అందుకే నమ్మకమైన అమ్మకందారు దగ్గర, చిప్ పేరు స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోవాలి. యూఎస్‌బీ-సీ నుంచి మామూలు యూఎస్‌బీకి మార్చే చిన్న అడాప్టర్ వల్ల ఇబ్బంది ఏమీ ఉండదు. మీ ల్యాప్‌టాప్ ఏఆర్‌ఎం ప్రాసెసర్ ఉన్నదైతే మాత్రం, కన్వర్టర్ డ్రైవర్ ఏఆర్‌ఎం విండోస్‌కు ప్రత్యేకంగా తయారైనది ఉందో లేదో కొనకముందే చూసుకోండి. మామూలు ప్రోగ్రాములను ఆ విండోస్ అనువదించి నడపగలదు గానీ డ్రైవర్లను అలా నడపలేదు.

కన్వర్టర్ జోలికే పోకుండా సూంటో యూఎస్‌బీ కేబుల్ దొరికితే అదీ మంచి దారే. అందులోనూ ఎఫ్‌టీడీఐ చిప్పే ఉంటుంది. కాకపోతే దానికి సూంటో పేరున వేరే గుర్తింపు సంఖ్య ఉంటుంది కాబట్టి, విండోస్‌లో ఆ సంఖ్యను గుర్తించే డ్రైవర్ కావాలి.

పరికరం వైపు పని చిన్నదే గానీ శ్రద్ధ కావాలి. కాంటాక్టుల మీద ఉప్పు, సన్‌స్క్రీన్ జిడ్డు పలుచని పొరగా పేరుకుంటాయి, పైకి చూస్తే మెరుస్తూనే ఉంటాయి. మంచినీటిలో కాసేపు నానబెట్టి, మెత్తని టూత్‌బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరనివ్వండి. నీరు తగిలిందని పసిగట్టే కాంటాక్టు తడిగా ఉన్నంతసేపు తెర మీద ‘ఏసీ’ అనే అక్షరాలు కనిపిస్తాయి, అవి పోయాకే ముందుకు వెళ్ళాలి. తరువాత మెమరీ మెనూలో మూడోదైన ‘టీఆర్-పీసీ’ని ఎంచుకుని, కేబుల్ క్లిప్పును గట్టిగా కూర్చోబెట్టండి. క్లిప్పు ఒక పక్కకు ఒరిగితే ఒక కాంటాక్టు తగిలీ తగలనట్టు ఉంటుంది. అలాంటప్పుడు బదిలీ సగంలో ఆగుతుంది.

సాఫ్ట్‌వేర్ విషయానికి వస్తే, సీడీలో వచ్చిన పాత ప్రోగ్రాం కోసం శ్రమపడవద్దనే చెబుతాను. ఆ కాలపు ప్రోగ్రాముల్లో కొన్ని కామ్ 1 నుంచి కామ్ 4 వరకే వెతుకుతాయి, కన్వర్టర్ పోర్టుకు విండోస్ కామ్ 7 అనే సంఖ్య ఇస్తే దాన్ని చూడనే చూడవు. డివైస్ మేనేజర్‌లో పోర్టు అడ్వాన్స్‌డ్ సెట్టింగులకు వెళ్ళి సంఖ్యను తగ్గించి ఆ చిక్కును తప్పించవచ్చు. వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపల నడిచే మరో ఊహా కంప్యూటర్‌లో, పాత విండోస్ పెట్టి కన్వర్టర్‌ను దానికి అప్పగించడమూ సాధ్యమే. కానీ ఇంత చేశాక డైవ్‌లు మళ్ళీ ఒక పాత ప్రోగ్రాం లోపలే ఇరుక్కుంటాయి. దానికంటే సబ్‌సర్ఫేస్ వాడండి. ఇది ఉచితం, దాని మూలసంకేతం అందరికీ తెరిచి ఉంది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తన డైవ్‌ల కోసం 2011లో మొదలుపెట్టిన ప్రోగ్రాం ఇది, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. పరికరాలతో మాట్లాడే పనిని ఇందులో చేసేది లిబ్‌డైవ్‌కంప్యూటర్ అనే వేరే లైబ్రరీ. దాన్ని యెఫ్ డ్రీసెన్ అభివృద్ధి చేశారు. ఎన్నో కంపెనీల పరికరాల భాష దానికి తెలుసు, వైపర్ భాష కూడా.

సబ్‌సర్ఫేస్‌లో డైవ్ కంప్యూటర్ నుంచి దిగుమతి చేసే కిటికీ తెరిచి, కంపెనీ సూంటో అని, మోడల్ వైపర్ అని, పోర్టు డివైస్ మేనేజర్‌లో చూసిన సంఖ్య అని ఎంచుకోండి. అదే కిటికీలో అడుగున లాగ్ ఫైలు (పరికరంతో జరిగిన సంభాషణ వివరాలు), డంప్ ఫైలు (మెమరీ నకలు) దాచుకునే గడులు రెండు ఉంటాయి. మొదటిసారి రెండింటికీ టిక్కు పెట్టండి. డంప్ గడి టిక్కు చేసి ఉన్నప్పుడు డైవ్‌లు జాబితాలోకి రావు, మెమరీ నకలు మాత్రమే ఫైలుగా తయారవుతుంది. ఇది తెలియక కొందరు బదిలీ విఫలమైందని అనుకుంటారు. ఫైలు తయారయ్యాక దాని పరిమాణం చూడండి. వైపర్ మెమరీ 8,192 బైట్లు. ఫైలు కూడా సరిగ్గా అంతే ఉండాలి.

అంత చిన్న మెమరీకి అంతసేపు ఎందుకు పడుతోందని కంగారుపడి కేబుల్ లాగేయకండి. వైపర్ మాట్లాడే వేగం సెకనుకు 2,400 బిట్లు మాత్రమే. తప్పులు పట్టుకోవడానికి చేర్చే బేసి పారిటీ బిట్‌తో, మొదలునూ చివరనూ తెలిపే బిట్లతో కలిపి ఒక్కో బైట్‌కు 11 బిట్లు ఖర్చవుతాయి, అంటే సెకనుకు 218 బైట్లకు మించి రావు. మెమరీ మొత్తం 32 బైట్ల ముక్కలుగా, 256 సార్లు అడిగి తెచ్చుకోవాలి. డేటాకే 38 సెకన్లు అవుతుంది, అడగడానికీ ఆగడానికీ పట్టే సమయం కలుపుకుంటే ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ప్రతి ముక్క చివర సరిచూసుకునే బైట్ ఒకటి వస్తుంది. అది కుదరని ముక్కను ప్రోగ్రాం స్వీకరించదు.

ఆ సరిచూపు ఎంత అవసరమో తెలియాలంటే వైపర్ లోతును ఎలా రాసుకుంటుందో చూడాలి. నిర్ణీత వ్యవధికి ఒకసారి, మామూలుగా 20 సెకన్లకు, ఒక్క బైట్ రాస్తుంది. ఆ బైట్‌లో ఉండేది అప్పటి లోతు కాదు, అంతకుముందు నమూనాకూ దీనికీ మధ్య తేడా. అదీ అడుగుల్లో. మైనస్ మూడు అంటే మూడు అడుగులు పైకి వచ్చారని అర్థం. ఒక్క బైట్ చెడితే ఆ నమూనాతో పోదు, అక్కడి నుంచి ఆ డైవ్ చివరి దాకా లోతులన్నీ పక్కకు జరుగుతాయి. ఆరోగ్యంగా వచ్చిన గ్రాఫ్ కూడా కాస్త విచిత్రంగా కనిపించవచ్చు. మీటర్లలో చూస్తే 18.3, 18.6, 18.9 అంటూ 0.3048 మీటర్ల మెట్లుగా కదులుతుంది. ఇది 60, 61, 62 అడుగులు మీటర్లలోకి మారడం వల్ల వచ్చిన రూపం. బదిలీలో తప్పేమీ లేదు.

డంప్ ఫైలును రెండు చోట్ల దాచాక, డంప్ గడి టిక్కు తీసేసి, డైవ్‌లన్నిటినీ బలవంతంగా తెచ్చే గడికి టిక్కు పెట్టి రెండోసారి దించండి. ఈసారి జాబితా నిండుతుంది. జాబితా రాగానే పని అయిపోయిందనుకోకుండా, పరికరం తెర మీద లాగ్‌బుక్ తెరిచి మూడు డైవ్‌లను చేతితో సరిపోల్చండి: అన్నిటికంటే పాతది, అన్నిటికంటే కొత్తది, మధ్యలో బాగా లోతుకు వెళ్ళినది ఒకటి. గరిష్ఠ లోతు, వ్యవధి, తేదీ మూడూ కలవాలి. నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ పాళ్ళలో కలిపిన గాలి) వాడిన డైవ్ ఉంటే ఆక్సిజన్ శాతం కూడా చూడండి. గతంలో బ్యాటరీ మార్చి గడియారం సరిచేయని రోజులు ఉంటే, అప్పటి డైవ్‌ల తేదీలు పరికరంలోనే తప్పుగా ఉంటాయి. సబ్‌సర్ఫేస్‌లో ఆ డైవ్‌లను మాత్రం ఎంచుకుని సమయాన్ని ఒకేసారి ముందుకో వెనక్కో జరపవచ్చు. చేతిరాత లాగ్‌బుక్ ఉంటే దానిలోని ఒక్క తేదీ చాలు, ఎంత జరపాలో తేలుతుంది.

ఈ తేదీల విషయంలో యువాటెక్ అలాడిన్ వంటి పరికరాలు ఉన్నవారికి ఒక ముఖ్యమైన హెచ్చరిక. వాటిలో డైవ్‌కు పక్కన క్యాలెండర్ తేదీ ఉండదు, పరికరం లోపలి గడియారపు లెక్క మాత్రమే ఉంటుంది. దించే క్షణాన పరికరం లెక్క ఎంతో, కంప్యూటర్ గడియారం ఎంతో చూసి, ఆ తేడాతో ప్రోగ్రాం తేదీలను కడుతుంది. కంప్యూటర్ గడియారం తప్పుగా ఉంటే డైవ్‌లన్నీ అంతే తప్పుతో వస్తాయి. ఒక మిత్రుడి అలాడిన్‌ను పాత ల్యాప్‌టాప్‌లోకి దించినప్పుడు, దాని మదర్‌బోర్డు బ్యాటరీ చచ్చిపోయి తేదీ ఏళ్ళ వెనక్కి వెళ్ళిన సంగతి నేను గమనించలేదు. ఆ పరికరం కొనకముందే అతను డైవ్‌లు చేసినట్టు జాబితా వచ్చింది. గడియారం సరిచేసి మళ్ళీ దించితే అన్నీ కుదిరాయి. పాత పరికరానికి పాత ల్యాప్‌టాప్ వాడేవారు ముందుగా ఆ గడియారం చూడాలి.

మీ పాత హార్డ్ డిస్క్‌ను తక్కువగా చూడకండి. పరికరం మెమరీ నుంచి ఎప్పుడో జారిపోయిన తొలి డైవ్‌లు అందులోనే ఉండవచ్చు. ఆ కాలపు డెస్క్‌టాప్ డిస్క్‌కు యూఎస్‌బీ అడాప్టర్ ఒక్కటే సరిపోదు, 12 వోల్టుల విద్యుత్ వేరుగా ఇచ్చే అడాప్టర్ కావాలి. అందులో ఎస్‌డీఈ పొడిగింపు ఉన్న ఫైళ్ళ కోసం వెతకండి. సూంటో డైవ్ మేనేజర్ ఎగుమతి చేసిన ఆ ఫైళ్ళు నిజానికి జిప్ ఫైళ్ళు, లోపల డైవ్‌లు ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఉంటాయి, సబ్‌సర్ఫేస్ వాటిని నేరుగా తెరుస్తుంది. తరువాతి కాలపు డీఎం4, డీఎం5 ప్రోగ్రాముల డేటాబేస్‌లను కూడా దిగుమతి చేస్తుంది. డిస్క్ నుంచి వచ్చినవాటిని, పరికరం నుంచి వచ్చినవాటిని వెంటనే ఒకే లాగ్‌లో పోయకండి. వేర్వేరు ఫైళ్ళుగా తెరిచి తేదీలు సరిపోల్చుకున్నాకే కలపండి. గడియారం తేడా ఉన్న డైవ్‌లు జంటలుగా మిగిలిపోతే వాటిని ఏరడం చాలా విసుగు పని.

వేరే రకం పరికరాలు ఉన్నవారి కోసం రెండు మాటలు. యువాటెక్ స్మార్ట్, గెలీలియో సోల్ వంటివి ఇన్‌ఫ్రారెడ్ ద్వారా మాట్లాడతాయి. లినక్స్ కెర్నెల్ నుంచి 2018లో, 4.17 వెర్షన్‌తో, ఇన్‌ఫ్రారెడ్ మద్దతును తొలగించారు, కాబట్టి వాటికి విండోస్ యంత్రం, ఇర్‌డా (ఇన్‌ఫ్రారెడ్) అడాప్టర్ చూసుకోవడం మేలు. సూంటో ఈయాన్ స్టీల్ వంటివి కీబోర్డు, మౌస్‌ల మాదిరిగా హెచ్‌ఐడీ పద్ధతిలో యూఎస్‌బీకి తగులుకుంటాయి, విండోస్‌లో వేరే డ్రైవర్ అక్కరలేదు. బ్లూటూత్ లో ఎనర్జీ పరికరాలను ఆపరేటింగ్ సిస్టమ్ సెట్టింగులలో జత చేయకుండా ప్రోగ్రాం నుంచే వెతకాలి, పాత బ్లూటూత్ పరికరాలనైతే ముందుగా జత చేయాలి.

లినక్స్ వాడేవారు తమ ఖాతాను సీరియల్ పోర్టులు వాడే అనుమతి ఉన్న డయలౌట్ గుంపులో చేర్చుకుని, లాగౌట్ అయి మళ్ళీ లోపలికి రావాలి. ఉబుంటు 22.04లో సీహెచ్-340 చిప్ ఉన్న కన్వర్టర్ తగిలించగానే పోర్టు కనిపించి మాయమైతే, అంధుల బ్రెయిలీ పరికరాల కోసం ఉన్న బీఆర్‌ఎల్‌టీటీవై అనే సేవ దాన్ని తనదనుకుని పట్టుకుందని అర్థం. బ్రెయిలీ పరికరం వాడనివారు ఆ సేవను తొలగిస్తే సరిపోతుంది.

ఇవన్నీ చేశాక కూడా మీ వైపర్ పలకకపోతే లాగ్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చివరి పంక్తులు చదవండి. ఆదేశం పంపిన తరువాత ఒక్క బైట్ కూడా రాకుండా గడువు ముగిసిందని ఉంటే డీటీఆర్ వోల్టేజీ, టీఆర్-పీసీ స్థితి, క్లిప్పు కూర్చున్న తీరు ఈ మూడింటినీ అదే వరుసలో మళ్ళీ చూడండి. బైట్లు వచ్చి సరిచూపు దగ్గర తప్పాయని ఉంటే కేబుల్‌కు కరెంటు అందుతోందన్నమాట, అప్పుడు కాంటాక్టులను మళ్ళీ శుభ్రం చేసి, మరో కన్వర్టర్‌తో ప్రయత్నించండి. అప్పటికీ తేలకపోతే ఆ చివరి పది పంక్తులు, కన్వర్టర్ చిప్ పేరు, 4వ పిన్ను దగ్గర మీరు కొలిచిన వోల్టేజీ రాసి పంపండి, ఎక్కడ ఆగిపోతోందో కలిసి చూద్దాం.